రాన్‌మేవా

మోదుగాకు అంచు మీద ఇంకో ఆకు అంచు ఎక్కించి, చీపురు పుల్లతో కుట్టు వేసి, మిగిలిన కొసను గోటితో తుంచి పడేస్తున్నది రుక్మాబాయి. ఆకులు చుట్టూ తిరిగి మొదటికి వచ్చి ఇస్తరి తయారయ్యాక, ఆమె దాన్ని ఒకసారి ఎండకు ఎత్తి పట్టి చూస్తుంది. సూదిమొనంత వెలుగు కనబడినా ఊరుకోదు. అక్కడ ఇంకో చిన్న ఆకు అతుకుతుంది. పచ్చిపులుసు పోస్తే కింద తడి కాకూడదు.

కోడలు సరళాదేవి పక్కన కూర్చుని తొడిమెలు గిల్లి, ఆకుల మీది దుమ్ము తడిబట్టతో తుడిచి అందిస్తున్నది. ఆమె పోయిన మాఘంలో హుస్నాబాద్ దిక్కు నుంచి ఈ ఇంటికి వచ్చింది. మాట తక్కువ మనిషి. అందుకే ఏదైనా చూడటం మొదలుపెడితే చాలాసేపు చూస్తుంది. ఇప్పుడు అత్త వేళ్లను చూస్తున్నది. అవి అప్పుడప్పుడు ఒక ఆకును కుట్టేముందు ముక్కు దగ్గరికి తీసుకుపోయి తెస్తున్నాయి. ప్రతి ఆకునూ కాదు. ఎప్పుడో ఒకదాన్ని.

పని మనిషి సమ్మవ్వ ఇంకో మోపు తెచ్చి వాకిట్లో దించి, తలమీది చుట్టబట్ట తీసి మొహం తుడుచుకున్నది.

రుక్మాబాయి తల ఎత్తకుండానే అడిగింది. "రాన్ల ఇప్పపువ్వు అయిపోయిందా?"

"మీ రాన్‌కు తొవ్వ నాకు తెల్వది దొరసానీ. నేను పోయింది అడివికి," అన్నది సమ్మవ్వ, నవ్వు ఆపుకుంటూ. "అడివిల అయితె ఇప్పపువ్వు ఎప్పుడో అయిపోయింది. మొర్రిపండ్లు రాలుతున్నయి."

ఈ మాట వాళ్లిద్దరి మధ్య ఏటా నడుస్తుందని సరళాదేవికి నవ్వు చూస్తేనే తెలిసింది. రుక్మాబాయి పుట్టిల్లు పెన్‌గంగ ఒడ్డున. అక్కడ సగం మరాఠీ, సగం తెలుగు. చెన్నూరుకు ఇవతలి ఈ ఊరికి కోడలుగా వచ్చి తల నెరిసిపోయినా ఆ ఒక్క మాట మాత్రం ఆమె మార్చుకోలేదు. సరళాదేవి పుట్టింట్లో గుట్టల కింద పశువులు మేసే ముళ్లచెట్ల జాగను కంచ అంటారు. ఒకప్పుడు ఎవరో గడ్డి కోసం కంచె కట్టి ఉంటారు. కంచె పోయింది, పేరు మిగిలింది. మామ దామోదర్‌రావు మాత్రం జంగల్ అంటాడు. టేకుదుంగల మీద ముద్రలు కొట్టే సర్కారు జవాన్లు వచ్చిపోవడం మొదలైనప్పటి నుంచి ఆయనకు ఆ మాట అలవాటు. అది అనేటప్పుడు గొంతు కొంచెం సర్కారు కచేరీ గొంతవుతుంది.

"రాన్ అంటె అడివేనా అత్తమ్మా?" అని అడిగింది సరళాదేవి.

రుక్మాబాయి కుట్టు ఆపింది. ఎవరూ ఆమెను ఆ సంగతి అడిగినట్టు లేదు. కొంచెం ఆలోచించి చెప్పింది. "అడివంటె చెట్లు. రాన్ అంటె చెట్లే గాదు బిడ్డా. దున్నకుంట పడావు వడ్డ చేను గూడ రానే. వాగు అవుతల గడ్డి మొలిసిన జాగ రానే. మా అవ్వ కొట్టవస్తె మేము రాన్లకు ఉరుకుతుంటిమి. ఆడ ఎవ్వలు ఏమనరు."

ఇంకా చాలా చెప్పింది. ఊరి పందికి ఒక పేరైతే అడవి పందికి రాన్ తగిలిస్తారట. నాటకుండా మొలిచిన తులసి, విత్తకుండా వచ్చిన కూర, అన్నిటికీ ముందు రాన్ వస్తుందట. అన్నింటికన్నా మంచిది రాన్‌మేవా. తునికిపండ్లు, మొర్రిపండ్లు, పాలపండ్లు, పరికిపండ్లు. దుకాణంలో తూకం వేయనిది, ఎవరూ నీళ్లు పోసి పెంచనిది, అది రాన్‌మేవా.

సమ్మవ్వ కొంగు ముడి విప్పి గుప్పెడు మొర్రిపండ్లు తీసింది. నల్లగా, గోలికాయల కన్నా చిన్నగా ఉన్నాయి. రుక్మాబాయి వాటిని అరచేతిలో పోసుకుని అటూ ఇటూ దొర్లించి చూసింది. తర్వాత ఒక్కటీ నోట్లో వేసుకోకుండా కోడలి చేతిలో పోసింది.

"ఏటా గింతే," అన్నది సమ్మవ్వ. "ముట్టుకుంటది. తినది."

"ఇంట్ల కూసుండి తింటె అది మేవా గాదే. ఉత్త పండు," అని రుక్మాబాయి మళ్లీ పుల్ల అందుకున్నది.

సరళాదేవి ఒక పండు కొరికింది. పులుపు, వెనకనే తీపి. గింజను చెంపలో పెట్టుకుని, కుట్టిన ఇస్తర్ల దొంతి వైపు చూసింది. ఇవన్నీ అడివి వంటలకు పోతాయి. ఆ సంగతి ఆమెకు తెలుసు. అత్త పోదన్న సంగతి మాత్రం అప్పుడే తెలిసింది.

మృగశిర కార్తె ముందర, అడివి వంటల దినం, ఊరు ఊరంతా ఖాళీ అవుతుంది. పొద్దు పొడవకముందే పిల్లాజెల్లాతో, మేకలతో కోళ్లతో అందరూ పొలిమేర దాటి అడవిలోకి పోతారు. అక్కడే వంటలు, అక్కడే తిండి. దీపాలు పెట్టేవేళ దాకా ఊళ్లో పొయ్యి రాజేయకూడదు. తలుపులకు తాళాలు ఉండవు, వేపమండ గుచ్చి పోతారు. ఇల్లు వదిలే మనిషి పొలిమేర దాటేదాకా నోరు విప్పకూడదు. అన్నింటికన్నా గట్టి కట్టు ఇంకొకటి ఉంది. పోయేవాళ్లను ఎవరూ "ఎటు?" అని అడగకూడదు. అడిగితే వెళ్లిపోతున్న పీడ వెనక్కి తిరిగి చూస్తుందని, వాన దారి తప్పుతుందని నమ్మకం.

పెద్దిల్లు అనే ఈ దొరల ఇంట్లో మాత్రం మగవాళ్లు కూడా ఆనాడు కదలరు. ఆడవాళ్ల సంగతి చెప్పనే అక్కరలేదు. ఊరు లేని ఊళ్లో, రాత్రి వండిన చల్లటి అన్నం తిని, సాయంత్రం దాకా కూర్చోవాలి. అడవి నుంచి గాలి ఇటు తిరిగితే డప్పు చప్పుడు వినబడుతుందట.

ఆ మధ్యాహ్నం డప్పు రాజలింగు చాటింపు వేస్తూ పెద్దింటి ముందు కొంచెం ఎక్కువసేపు నిలబడ్డాడు. ఎవరూ ఎవరినీ ఎటని అడగవద్దన్న మాటను మాత్రం రెండుసార్లు చెప్పాడు. చెబుతూ అరుగు మీద ఉన్న కరుణాకర్‌రావు వైపు చూశాడు. వెనకాల పిల్లలు కిసకిసలాడారు.

సరళాదేవి భర్త కరుణాకర్‌రావు పేపర్ అడ్డం పెట్టుకున్నాడు. సంగతేమిటని ఆమె సమ్మవ్వను అడిగింది. సమ్మవ్వ ఇల్లు ఊడుస్తూ, మధ్యమధ్య చీపురు మీద వాలి నవ్వుతూ చెప్పింది. పోయినేడు చిన్నదొర పట్నం చదువు ముగించుకుని వచ్చిన కొత్త. తెల్లవారకముందు నిద్ర కళ్లతో అరుగు మీదికి వచ్చాడు. గొల్ల కొమురెల్లి ముందు నడుస్తుంటే ఊరంతా మూటలతో వెనక పోతున్నది. చిన్నదొర ఆవులించి, "ఎటు బోతున్నరే అందరు?" అన్నాడు. అంతే. కొమురెల్లి ఆగిపోయాడు. ఒక్క మాట మాట్లాడకుండా వెనక్కి తిరిగాడు. ఆయన తిరిగితే ఊరంతా తిరిగింది. ఎవరింటికి వాళ్లు పోయి, గడపలో కూర్చుని, చెంబెడు నీళ్లు తాగి, మళ్లీ లేచేసరికి పొద్దు బారెడెక్కింది. ఆ ఏడు వాన ఆలస్యమైంది.

"వాన చిన్నదొర మాటకు ఆగిందో, దాని యిష్టానికి ఆగిందో ఎవలకు తెలుసు," అన్నది సమ్మవ్వ. "గని మీ మామ ఈసారి ఊరోళ్ల ముంగట వేపమండ వట్టుకొని మాటిచ్చిండు. నా ఇంట్ల ఎవ్వల నోరు లేవది, నాతోని సహా అని."

చెన్నూరు నుంచి లింగమూర్తి పంతులు వచ్చి ఆ వారమంతా సాయంత్రాలు అరుగు మీద పురాణం చెబుతున్నాడు. మగవాళ్లు చాపల మీద కూర్చుంటారు. ఆడవాళ్లు నడిమింటి తలుపు వెనక కూర్చుంటారు. రుక్మాబాయి చేతిలో ఎప్పుడూ ఏదో పని ఉంటుంది. ఆనాడు పత్తిగింజలు తీస్తున్నది.

పురాణంలోని రాజు రాజ్యం పోగొట్టుకుని ఒంటరిగా పోతున్నాడు. పంతులు గొంతు పెంచి, రాజు మహారణ్యంలో ప్రవేశించాడని చెప్పి, తాంబూలం కోసం ఆగాడు. ఆ ఆగిన సందులో దామోదర్‌రావు లోపలికి వినబడేలా అన్నాడు. "పంతులు గారూ, మా ఇంట్ల దాన్ని రాన్ అంటరు. రాజు రాన్ల వడ్డడు అనుండ్రి, లోపలోళ్లకు సమజైతది."

చాపల మీద నవ్వులు. ఇది కూడా ఏటా నడిచే మాటే. దామోదర్‌రావుకు అందులో కోపం ఏమీ లేదు. భార్యను ఏడిపించడానికి ఆయన దగ్గర ఉన్న పాత పరాచికం అది. తలుపు వెనక రుక్మాబాయి మొహం మాత్రం పత్తి మీదికి వంగింది.

సరళాదేవి ఆ మాటనే లోలోపల తిప్పుకుంటున్నది. అరణ్యం. ముందున్న అ తీసేస్తే రణ్యం. నోట్లో నలిగిన కొద్దీ యం కూడా అరిగిపోతే. పెండ్లయి వచ్చినప్పటి నుంచి ఆమె గొంతు అరుగు మీదికి పోలేదు. తలుపు రెక్క పట్టుకుని, ఎవరితోనో కాకుండా, చీకటితో అన్నట్టు అడిగింది.

"అయ్యగారూ, రాన్ అన్నది అరణ్యంల నుంచి వచ్చిందేనా?"

పంతులు తమలపాకు ఈనె తీస్తూ ఆలోచించాడు. తర్వాత ఆయన మొహంలో సంతోషం విచ్చుకోవడం తలుపు సందులోంచి ఆమెకు కనబడింది.

"అదే తల్లీ," అన్నాడు. "మరాఠీ సీమల అట్లనే అరిగింది. నడిచి నడిచి మడిమె తోలు అరిగినట్టు. మాట పాతది, గొప్పది. మన అడివికి గూడ అటవి అన్న మాట దగ్గరి సుట్టమే. ఎవలు ఎవల దగ్గర తీసుకున్నరో నేను చెప్పలేను." దామోదర్‌రావు వైపు తిరిగాడు. "దొరా, నేను ఇంతసేపటి నుంచి చదివేది మీ ఇంటి మాటనే అన్నట్టు."

మళ్లీ నవ్వులు వచ్చాయి. ఈసారి అవి వేరే దిక్కుకు తిరిగిన నవ్వులు. దామోదర్‌రావు దగ్గి, ముందుకు చదవమన్నాడు. తలుపు వెనక చీకట్లో రుక్మాబాయి చెయ్యి వచ్చి కోడలి మణికట్టు పట్టుకున్నది. పత్తి అంటుకున్న వేళ్లు. రాజుకు అడవిలో ఏమైందో ఆ తర్వాత వాళ్లిద్దరూ సరిగా వినలేదు.

రాత్రి భోజనాలకు దామోదర్‌రావు లోపలికి వచ్చాడు. మజ్జిగ పోసుకునేటప్పుడు, గిన్నె వైపు చూస్తూ అడిగాడు. "మీ రాన్ల వాన ముందుగాల వడుతదా, మనకు ముందుగాలనా?"

ఆ మాట ఆయన నోట ఎగతాళి లేకుండా రావడం సరళాదేవి విన్నది. అత్త చేతిలోని గరిటె కొంచెం ఆగింది.

"కొంచెం ముందుగాలనే," అన్నది రుక్మాబాయి. ఆ ధైర్యం మీదనే ఇంకో మాట అన్నది. "ఈసారి అడివి వంటలకు నేను గూడ పోత."

ఆయన కోపం తెచ్చుకోలేదు. కోపం తెచ్చుకుంటే బాగుండునేమో, దానికి జవాబు ఉంటుంది. నిదానంగా, న్యాయం చెప్పేవాడిలా చెప్పాడు. ఆ దినం ఎడ్లకు కూడా సెలవు, పరదా బండి కట్టరు. మరి పెద్దింటి దొరసాని నలుగురిలో నడుచుకుంటూ పోతుందా? "తొవ్వపొంటి అడిగినోళ్లకు ఏం జెప్తవ్? నన్ను అడిగితె నేనేం జెప్పాలె?"

రుక్మాబాయి చారు గిన్నె మీద మూత పెట్టింది. కోడలుగా వచ్చిన తొలి ఏడు అడిగినప్పుడు కూడా ఇదే జవాబు వచ్చిందని, తర్వాత అడగడం మానేసిందని వంటింట్లో కోడలికి చెప్పింది. చెబుతూ నవ్వింది. ఆ నవ్వు సరళాదేవికి నచ్చలేదు. ఏండ్ల తరబడి ఈమె కుట్టిన ఇస్తర్లు అడవికి పోయి, తిని పారేసి, అక్కడే మట్టిలో కలుస్తున్నాయి. ఆకు పోయినంత దూరం కుట్టిన మనిషి పోలేదు.

అడివి వంటలకు ముందునాడు ఇల్లంతా హడావిడి. రేపటికి కూడా ఇవాళే వండాలి. పులిహోర కలిపి వెడల్పు గంగాళంలో ఆరబెట్టారు. జొన్నరొట్టెలు కాల్చి బట్టలో చుట్టారు. పొద్దు గుంకేటప్పుడు ఇద్దరూ పొయ్యి దగ్గర కూర్చుని నిప్పులు చల్లార్చారు. రుక్మాబాయి నీళ్లు చిలకరిస్తుంటే సరళాదేవి చీపురుతో బూడిద దగ్గరికి లాగింది. బూడిద మీద చుక్కలు పడి చిన్నచిన్న గుంటలయ్యాయి. వాన పడ్డ నేల లాగే ఉంది.

"అత్తమ్మా," అన్నది సరళాదేవి. ఆ మాటను ఆమె మధ్యాహ్నం నుంచి మోస్తున్నది. "తొవ్వల అడిగినోళ్లకు ఏం జెప్తవని మామయ్య అన్నడు గదా."

"ఊఁ."

"రేపు ఎవ్వలు అడుగద్దు గదా."

రుక్మాబాయి చేతిలోంచి నీళ్లు బూడిద మీద ఒకే చోట పడుతూ పోయాయి. గుంట పెద్దదైంది. ఆమె మొహం తిప్పి కోడలిని చూసింది. ముందు ఏమీ అర్థం కానట్టు, తర్వాత అంతా అర్థమైనట్టు, చివరికి అర్థమైందని ఎవరికైనా తెలుస్తుందేమో అన్నట్టు.

"ఆ కట్టు మనింటికి గూడ ఉన్నదా అత్తమ్మా?"

"మనింటికే ముందుగాల," అన్నది రుక్మాబాయి. కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నది. భుజాలు మాత్రం కదులుతున్నాయి. కోడలు కూడా ఆపుకోలేకపోయింది. చల్లారిన పొయ్యి పక్కన ఇద్దరూ చప్పుడు కాకుండా నవ్వి నవ్వి కళ్లు తుడుచుకున్నారు. ఏమైందని సమ్మవ్వ వచ్చి తొంగి చూసింది. పొగ అన్నది రుక్మాబాయి. పొయ్యి ఆరి ఎంతసేపైందో సమ్మవ్వకు కనబడుతూనే ఉంది.

తెల్లవారకముందు సరళాదేవి లేచేసరికి ఊరు మూగగా కదులుతున్నది. చెంబుల చప్పుడు, మేకల గిట్టల చప్పుడు, పిల్లల నోళ్లు మూసే తల్లుల గాజుల చప్పుడు. మనిషి గొంతు ఒక్కటీ లేదు. పక్కింటి తలుపుకు వేపమండ గుచ్చారు.

దామోదర్‌రావు ఎప్పటిలా అరుగు మెట్ల మీద కూర్చున్నాడు. రెండు కాళ్లు మెట్లకు అడ్డంగా చాపి, ముట్టించని చుట్ట నోట్లో పెట్టుకుని ఉన్నాడు. ఊళ్లో ఇవాళ నిప్పు లేదు. గొల్ల కొమురెల్లి ముందు నడుస్తూ పెద్దింటి దగ్గరికి రాగానే కొంచెం నిదానించాడు. కరుణాకర్‌రావు వెంటనే రెండు చేతులతో నోరు మూసుకున్నాడు. వరుసలో ఎవరికో నవ్వు వచ్చి, ముక్కులోంచి బయటపడి, దగ్గుగా మారింది. కొమురెల్లి ముందుకు సాగాడు. దామోదర్‌రావు మాట నిలిచినందుకు గర్వంగా మీసం సవరించుకున్నాడు.

అప్పుడు నడిమింటి తలుపు తెరుచుకుంది.

రుక్మాబాయి పాత నేత చీర కట్టుకున్నది, కాళ్ల మీదికి ఎత్తి. పెన్‌గంగ దిక్కు కట్టు అది, చేలల్లో నడిచే ఆడవాళ్ల కట్టు. చేతిలో ఏమీ లేదు. కాళ్లకు చెప్పులు లేవు. అరుగు దాటి మెట్ల దగ్గరికి వచ్చి నిలబడింది. మెట్లకు అడ్డంగా భర్త కాళ్లు.

దామోదర్‌రావు తల ఎత్తి చూశాడు. చుట్ట నోట్లోంచి తీశాడు. నోరు తెరిచాడు. పెదవులు ఎటు అన్న మాట ఆకారానికి వచ్చాయి కూడా. సరళాదేవి తలుపు రెక్క పట్టుకున్నది. వీధిలో వరుస ఆగిపోయింది. కొమురెల్లి వెనక్కి తిరిగి చూస్తున్నాడు. డప్పు రాజలింగు చూస్తున్నాడు. సమ్మవ్వ నెత్తి మీద గంపతో, కళ్లు ఇంతింత చేసుకుని చూస్తున్నది. ఊరి వాన అంతా ఆ నోటి దగ్గర నిలబడి ఉన్నట్టుంది.

ఆయన ఊరిని చూశాడు. భార్యను చూశాడు. ఆమె తల దించుకోలేదు, నవ్వలేదు, తొందరపడలేదు. ఊరికే నిలబడింది.

ఆయన నోరు మూతపడింది. చుట్ట మళ్లీ పెదవుల మధ్యకు పోయింది. ముందు ఒక కాలు, తర్వాత రెండోది, దామోదర్‌రావు నెమ్మదిగా ముడుచుకున్నాడు. ముడుచుకుని, ఇంకా జాగ సరిపోదేమోనని కొంచెం పక్కకు జరిగాడు.

రుక్మాబాయి మెట్లు దిగింది. వీధి మట్టి మీద పాదం పెట్టి, వేళ్లు ఒకసారి విడదీసి, నేలను తెలుసుకున్నట్టు నిలబడింది. తర్వాత సమ్మవ్వ పక్కన వరుసలో చేరింది. సమ్మవ్వ గంప సర్దుకునే నెపంతో కొంగు ముడి విప్పి, ఏదో ఆమె గుప్పిట్లో పెట్టింది. రుక్మాబాయి గుప్పిట మూసుకున్నది. నోట్లో వేసుకోలేదు, ఇంకా పొలిమేర దాటలేదు. వరుస కదిలింది.

సరళాదేవి కళ్లు గోడ వారకు పోయాయి. ఇస్తర్ల దొంతి అక్కడే ఉంది. తాడుతో కట్టి, మోయడానికి పైన చుట్టబట్ట కూడా పెట్టి ఉంది. ఏటా సమ్మవ్వ ముందే తీసుకుపోయే దొంతి. ఇన్నాళ్లు వరుస తప్పకుండా కుట్టిన మనిషి ఇవాళ దాన్ని మరిచిపోయిందా. సరళాదేవికి నవ్వు వచ్చింది. మరిచిపోలేదు. కోడలి కోసం వదిలిపెట్టి పోయింది.

ఆమె భర్త వైపు చూసింది. కరుణాకర్‌రావు నోటి మీది చేతులు ఇంకా తీయలేదు. వాటి మీదుగా కళ్లు మాత్రం నవ్వుతున్నాయి. ఒక చెయ్యి తీసి, దొంతి మీది చుట్టబట్టను అందుకుని, ఆమె నెత్తి మీద పెట్టాడు. అది కాస్త వంకరగా ఉంటే సరిచేశాడు. తర్వాత దొంతి ఎత్తి దాని మీద ఉంచాడు. పచ్చి ఆకుల వాసన ఆమె మొహం మీదికి దిగింది.

మామ కాళ్లు ఇంకా ముడుచుకునే ఉన్నాయి. సరళాదేవి ఒక చేత్తో దొంతి పట్టుకుని, ఇంకో చేత్తో చీర కుచ్చెళ్లు ఎత్తి పట్టుకుని, ఒక్కో మెట్టూ దిగి, మాట్లాడకుండా ఇల్లు దాటింది.